ఉరికంబముకడ ముగియని కథ

నంద్యాలనుండి దక్షిణముగా కుందేటి వెంబడి సాగిపోవు బాటసారికి ఇరువైపుల నల్లరేగడి భూములు కనుచూపుమేర కానవచ్చును. తూర్పున నల్లమల కొండలు నీలిగోడవలె నిలిచియుండును. ఆళ్లగడ్డ, రుద్రవరము, ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల మొదలగు ఊళ్లు ఈ సీమలోనివే. పెద్దలు దీనిని రేనాడని పిలుచుచుండిరి. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊళ్లన్నియు అందులో చేరినవి.

ఈ రేనాటిలో తరతరములుగా ఒక వీరుని కథను పాటగా పాడుచు వచ్చిరి. ఆ వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. పాట ఎట్లు ముగియునో వినువారందరికిని ముందే తెలియును. నాయకుడు పట్టుబడును, ఉరితీయబడును, అతని తల కోటకు వ్రేలాడగట్టబడును. ఇంత ఘోరమైన ముగింపు గల కథను జనులు ఒకసారి విని ఊరకుండలేదు. మరల మరల పాడించుకొనిరి. తమ బిడ్డలకు నేర్పిరి. ఇంటిలో ఎవరైన మరణించినచో ఆ దినమును తలచుకొనుటకే మనసొప్పదు గదా! అట్టిచో వీరుని మరణమును కోరి వినుటయేల? విన్న పిదప గుండె బరువెక్కుటకు మారుగా ఏదియో నిండుదనము కలుగుటయేల? ఇది ఆలోచింపదగిన విషయము.

దుష్టుడు చచ్చినప్పుడు కలుగు సంతోషమును వివరించుట కష్టము కాదు. ఆళ్లగడ్డకు చేరువనే అహోబిల క్షేత్రము కలదు. నరసింహస్వామి స్తంభమునుండి వెడలి హిరణ్యకశిపుని సంహరించినది అచ్చటనే యని భక్తులు ఉగ్రస్తంభమను కొండకొమ్మును చూపుదురు. హిరణ్యకశిపుడు కూలినంతనే వినువాడు ఊపిరి పీల్చుకొనును. బాలుడైన ప్రహ్లాదుని బాధించినవానికి తగిన శాస్తి జరిగినది. ఇచ్చట లెక్క సరిపోయినది. కాని ఆ స్వామి పేరే పెట్టుకొన్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయమున లెక్క తలక్రిందైనది. కూలినవాడు నాయకుడు, నిలిచినవారు అతని శత్రువులు. ఐనను శ్రోత తృప్తుడగుచున్నాడు. ఈ తృప్తి మొదటిదానివంటిది కాదు. దీనిని తెలిసికొనుటకు ముందు కథను తెలిసికొనవలెను.

1800లో హైదరాబాదు నిజాము కడప, బళ్లారి మొదలగు ప్రాంతములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. వానికి దత్తమండలములని పేరు వచ్చెను. (ఆ పేరు అవమానకరమని తలచి 1928లో నంద్యాలలో జరిగిన సభయందు రాయలసీమ అను పేరును స్వీకరించిరి.) ఆనాడు ఈ సీమలో పాలెగాండ్రు అనేకులు కోటలు కట్టుకొని, బంట్లను పోషించుకొనుచు, పన్నులు వసూలు చేసికొనుచుండిరి. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో వారి బలమును అణచెను. కోటలు పోయెను, బంట్లు చెదరిరి. పలువురు పాలెగాండ్రకు కంపెనీవారు నెలనెల కొంత భరణమును ఏర్పాటుచేసిరి.

నరసింహారెడ్డి అట్టి పాలెగాండ్ర వంశమువాడు. అతనికి లభించు భరణము నెలకు పదునొకండు రూపాయల చిల్లర. ఒకనాడు సీమను ఏలిన వంశమువాడు తాసిల్దారు కచేరీ వాకిట నిలిచి ఈ సొమ్మును పుచ్చుకొనవలసి వచ్చెను. బంధువైన నొస్సము జయరామిరెడ్డి భరణములో తనకు భాగము రావలెనని అతడు కోరెను, కంపెనీవారు ఒప్పుకొనలేదు. ఇది అతని సొంత మనస్తాపము. ఇంతే యైనచో కథ ఇంత పెద్దది అయ్యెడిది కాదు. ఆ కాలముననే ఊళ్లకు కావలి కాయు కట్టుబడులు తమ యీనాము భూములను కోల్పోవుచుండిరి. తండ్రితాతలనాటినుండి దున్నుకొనుచున్న భూమి చేజారిపోయిన కట్టుబడి దుఃఖమును, భరణము వాకిట తలవంచిన పాలెగాని దుఃఖమును ఒకటిగా కలసినవి. వడ్డె ఓబన్న మొదలగు అనుచరులు నరసింహారెడ్డి వెంట నిలిచిరి.

1846 జూలైలో వారు కోయిలకుంట్ల ఖజానాను ముట్టడించిరి. పిదప కొంతకాలము గిద్దలూరు, కంభము ప్రాంతములయందును, నల్లమల అడవులయందును కంపెనీ సేనలకు చిక్కక తిరిగిరి. కంపెనీవారు అతనిని పట్టియిచ్చినవారికి బహుమానము ప్రకటించిరి. తుదకు అక్టోబరు నెలలో పేరుసోమల సమీపమున ఒక కొండపై అతడు పట్టుబడెను. విచారణ జరిగెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున కోయిలకుంట్లలో కలెక్టరు కాక్రేను సమక్షమున, వేలకొలది జనులు చూచుచుండగా, అతనిని ఉరితీసిరి. అంతటితో వారికి తనివి తీరలేదు. అతని శిరస్సును కోటపై వ్రేలాడగట్టిరి. అది 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు, అచ్చటనే ఉండెనని చెప్పుదురు.

ముప్పది సంవత్సరములనగా ఎంత కాలము! ఉరితీసిననాడు తల్లి ఒడిలో నున్న శిశువు పెరిగి, పెండ్లియాడి, తన బిడ్డను చేయిపట్టి సంతకు తీసికొనిపోవునప్పుడును ఆ పుఱ్ఱె కోటపైననే ఉండెను. కంపెనీవారు ఏమి కోరి అట్లు చేసిరి? వారుకూడ ఒక కథనే చెప్పదలచిరి. “ఎదిరించినవాని గతి ఇది” అనుటయే ఆ కథ. దానికి ముగింపు పుఱ్ఱె. దాని ఫలము భయము. రేనాటి ప్రజలు చెప్పినదియు అదే కథ. అదే ఉరి, అదే శిరస్సు, అదే కోట. ఒక్క సంగతియైనను మార్చలేదు. ఐనను వారి పాట విన్నవానికి భయము కలుగదు. ఒకే ముగింపు ఒకచోట భయమును, వేరొకచోట గర్వమును పుట్టించినచో, తృప్తి అనునది మరణములోనే లేదు. మరణమునకు ముందు జరిగినదానికిని మరణమునకును గల సంబంధములో ఉన్నదని తేలుచున్నది.

ఈ సంబంధమును పరీక్షించుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. ముగింపును మార్చి చూడవలెను. నల్లమలలో తిరుగుచున్న దినములలో నరసింహారెడ్డి చలిజ్వరము వచ్చి చనిపోయినాడనుకొందము. అప్పుడును నాయకుడు మరణించినాడు, దుఃఖము కలుగును. కాని పాట కుంటుపడును. జ్వరము ఎవనికైనను రావచ్చును. ఖజానాను ముట్టడించినవానికే రావలెనను నియమము లేదు. అతడు చేసినదానికిని అతనికి వచ్చినదానికిని ముడి పడలేదు.

కంపెనీవారు దయతలచి క్షమించి భరణమును మరల ఇచ్చిరని అనుకొందము. నాయకుడు బ్రదికినాడు, సంతోషింపవలసినదే. కాని ఏ పదునొకండు రూపాయలకొరకు కచేరీ వాకిట నిలుచుట దుర్భరమై కత్తిపట్టెనో, ఆ వాకిటికే అతడు తిరిగివచ్చుట చూచి వినువాడు తల దించుకొనును. అడవి దాటి నిజాము రాజ్యమున దాగి ముసలితనమువరకు సుఖముగా ఉన్నాడన్నచో ఇంకను వెలితి. వెంట నడచిన కట్టుబడుల మాటయేమని శ్రోత ప్రశ్నింపక మానడు. మూడు ముగింపులలో రెండింట నాయకుడు బ్రతికియున్నాడు. కాని కథ మూడింటను చచ్చినది. జరిగిన ముగింపు ఒక్కటియే కథను బ్రతికించినది. ఏలయన, తలవంచుటకు ఒల్లనివాని కథకు తల తీయుట తప్ప అతనిని వంచుటకు శత్రువునకు వేరు మార్గము లేదనుట కథలో మొదటినుండియు ఉన్నది. విత్తులో నున్నదే పంటకు వచ్చినది.

పగ తీరుటవలననే తృప్తి కలుగునని కొందరు తలతురు. బొబ్బిలి కథ వారి వాదమునకు చక్కగా సరిపోవును. 1757 జనవరిలో జరిగిన ఆ యుద్ధమున రంగారాయుడును, కోటలోని స్త్రీబాలురును నశించిరి. పిమ్మట తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శత్రువైన విజయరామరాజు గుడారమున ప్రవేశించి అతనిని వధించి, తానును ప్రాణములు విడిచెను. విన్నవారి కసి అచ్చట తీరును. కాని రేనాటి కథలో పాపారాయుడు లేడు. కలెక్టరు మీద ఎవరును పగతీర్చుకొనలేదు. ఉరి జరిగిన పిదప కంపెనీ పాలన యథాప్రకారము సాగెను. పగ తీరకయే ఈ పాట శ్రోతకు నిండుదనము నిచ్చుచున్నది. కాబట్టి ఆ నిండుదనమునకు మూలము వేరొకచోట ఉన్నది.

క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీసు దేశమున అరిస్టాటిల్ అను తత్త్వవేత్త ఈ విషయమునే విచారించెను. విషాదాంత నాటకము ప్రేక్షకుని హృదయమున జాలిని, భయమును రేకెత్తించి, వానిద్వారముననే ఆ హృదయమును తేటపరచునని అతని అభిప్రాయము. నాయకుడు ఎట్టివాడు కావలెనో కూడ అతడు చెప్పెను. కేవలము నిర్దోషి కూలినచో చూపరికి రోత కలుగును. కేవలము దుర్మార్గుడు కూలినచో జాలి కలుగదు. నడుమ నుండువాడు, మంచివాడయ్యు ఏదో యొక పొరపాటువలన పతనమైనవాడు, విషాదాంత నాయకుడగుటకు తగును.

నరసింహారెడ్డిని ఈ తూనికలో వేసి చూచుట అవసరము. అతడు దేవత కాడు. అతని తిరుగుబాటు మొదట సొంత భరణపు తగవునుండియే పుట్టినది. అతని అనుచరుల చేతిలోను ప్రాణములు పోయినవి. కొద్దిపాటి బలముతో అంతటి ప్రభుత్వమును ఎదిరించుటలో తొందరపాటును కలదు. పాలెగాండ్ర పాలన అంతయు రైతునకు మేలు చేసినదని చెప్పుటయు సత్యము కాదు. ఈ సంగతులను దాచి అతనిని మచ్చలేని మూర్తిగా చెక్కుటకు ప్రయత్నించువారు కథకు మేలుకంటె కీడే ఎక్కువ చేయుదురు. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని నునుపు చేయగలరు. మనుష్యుని అట్లు నునుపు చేసినచో అతడు మనవాడని తోచడు. మనవంటి కోపము, మనవంటి అభిమానము కలవాడైనందుననే అతని దుఃఖము మనకు తగులుచున్నది.

మన దేశపు అలంకారికులు ఈ ప్రశ్నను వేరొక వైపునుండి చూచిరి. కరుణరసమునకు స్థాయి శోకము. వీరరసమునకు స్థాయి ఉత్సాహము. లోకములో శోకము దుఃఖమునే ఇచ్చును. కాని కావ్యములో అది రసముగా మారి ఆనందము నిచ్చునని వారి సిద్ధాంతము. పదునాలుగవ శతాబ్దికి చెందిన విశ్వనాథుడు తన సాహిత్యదర్పణమున దీనికి మిక్కిలి సామాన్యమైన నిదర్శనము చూపెను. కరుణ దుఃఖమునే కలిగించునదైనచో దానిని వినుటకు ఎవడును ముందుకు రాడు, రామాయణమును విడిచిపెట్టవలసినదే. మరి కన్నీరు వచ్చుచున్నదే యని అడుగువారికి, అది మనస్సు కరగుటవలన వచ్చినది కాని బాధవలన వచ్చినది కాదని అతడు సమాధానము చెప్పెను. పండితుడు గ్రంథములో వ్రాసిన ఈ మాటను రేనాటి శ్రోత ఏ గ్రంథమును చదువకయే ఎరుగును.

ఇంత చెప్పియు మన ప్రాచీన నాటకకర్తలు నాయకుని మరణముతో నాటకమును ముగించుటకు వెనుదీసిరి. రంగముపై మరణమును చూపరాదని సంప్రదాయము. భాసునిదిగా చెప్పబడు ఊరుభంగము దీనికి అరుదైన వ్యత్యాసము. అందు తొడలు విరిగిన దుర్యోధనుడు పగ విడిచి శాంతుడై కన్నుమూయును. భారతమున దుష్టుడైనవాడే ఆ చివరి ఘడియలో మన గౌరవమునకు పాత్రుడగును. తెలుగున ఈ సంప్రదాయమును దాటినవాడు దత్తమండలములవాడే యగుట గమనింపదగినది. బళ్లారికి చెందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) విషాద సారంగధర నాటకమును వ్రాసెను. జనశ్రుతిలోని కథలో కాలుసేతులు ఖండింపబడిన సారంగధరునికి ఒక సిద్ధుని మహిమచే అవి మరల వచ్చును. రామకృష్ణమాచార్యులు ఆ ఊరటను తీసివైచి కథను విషాదాంతము గావించెను. తెలుగున తొలి విషాదాంత నాటకములలో దానిని లెక్కింతురు.

పండితులు ఇంతగా సంకోచించిన పనిని పల్లెపాటలు ఏనాడో నిస్సంకోచముగా చేసినవి. పలనాటి బాలచంద్రుడు మరణించును; ఐనను కారెంపూడిలో ఏటేట కార్తికమాసమున వీరుల ఉత్సవము జరుగుచునే యున్నది. వీథిభాగవతము చూచి వచ్చిన పిల్లవాడు సయితము అభిమన్యుని కథలోని గుట్టు నెరుగును. పద్మవ్యూహమున చొచ్చుటయే కాని వెలువడుట తెలియదని అభిమన్యుడు ముందే చెప్పెను, చెప్పియు చొచ్చెను. ఆ “చెప్పియు” అనుటలోనే అంతయు ఉన్నది. తెలియక గోతిలో పడినవానిని చూచి అయ్యో అందుము. తెలిసి అడుగుపెట్టినవానిని చూచినప్పుడు ఆ అయ్యో అనుదానితో పాటు మరియొక భావము మేల్కొనును. శోకముతో ఉత్సాహము జతపడును. శోకమొక్కటియే మిగిలిన కథ వినువానిని క్రుంగదీయును. ఉత్సాహము చావని కథ కన్నీటితోనే అతనిని నిలువబెట్టును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మరణము మంచిదని గాని, మరణించినవాడే గొప్పవాడని గాని ఈ మాటలకు అర్థము కాదు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో నిలిచి ఉరిని కన్నులార చూచినవారికి ఏ తృప్తియు కలిగియుండదు. భయమును, కడుపుకోతయును కలిగియుండును. అతని యింటివారికి ఆ ముప్పది సంవత్సరములును ప్రతి ఉదయమును ఆ కోటను చూచుట ఎట్లుండెనో ఊహించుటయే కష్టము. నిజమైన చావు ఎవనిని తృప్తిపరుపదు. ఆ చావు పాటగా మారిన పిదపనే తృప్తికి తావు కలుగును. చావునకును పాటకును నడుమ కొంత కాలము గడువవలెను. కొన్ని గొంతులు మారవలెను. జరిగినవానిలో ఏది ముందు, ఏది వెనుక, ఏది ముఖ్యము, ఏది అప్రధానము అనుట ఏర్పడవలెను. నిత్యజీవితమున సంఘటనలు తలతోక లేక వచ్చిపడును. కథలో మాత్రము భరణము, అవమానము, ఖజానా, అడవి, కొండ, ఉరి ఒకదానివెనుక నొకటి గొలుసువలె కూర్చబడును. శ్రోతకు తృప్తి నిచ్చునది ఆ గొలుసు. కడపటి కడియము తెగియున్నచో గొలుసంతయు జారిపోయెడిది.

తెలుగు వీరగాథలను పరిశోధించిన తంగిరాల వెంకట సుబ్బారావు ఈ సీమ వీరులపై ప్రత్యేకముగా గ్రంథము వ్రాసెను. 2019 అక్టోబరు 2న నరసింహారెడ్డి చరిత్ర ఆధారముగా తీసిన సైరా నరసింహారెడ్డి చలనచిత్రము విడుదలయ్యెను. కోట్ల రూపాయలు వెచ్చించి తీసిన ఆ చిత్రమునందును నాయకుని మరణమును దాటవేయలేదు. దాటవేసినచో రేనాటివారు ఊరకుండెడివారు కారు. చిత్రకర్తలు ఒక నేర్పు మాత్రము చూపిరి. 1857లో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు ఈ కథను చెప్పుచున్నట్లు చిత్రమును ఆరంభించిరి. చరిత్రలో అట్లు జరిగెనని ఎవరును అనరు. అది కల్పన. ఐనను ఆ కల్పన వెనుకనున్న ఆలోచన పల్లెపాటలోనిదే. ఉరి జరిగిన పిదప కథను వినువారు కొందరుండవలెను. విని లేచి నిలుచువారుండవలెను.

2021లో కర్నూలు సమీపమునందలి ఓర్వకల్లు విమానాశ్రయమునకు నరసింహారెడ్డి పేరు పెట్టిరి. అతనిని ఉరితీయించిన అధికారుల పేర్లు ఇప్పుడు చరిత్ర పుస్తకములలో మాత్రమే కానవచ్చును. అందును నరసింహారెడ్డి కథ చెప్పవలసివచ్చినప్పుడే. కోయిలకుంట్ల కోటపై పుఱ్ఱె వ్రేలాడిన ముప్పది సంవత్సరములకు తుది ఏర్పడినది. పాటకు అట్టి గడువును ఎవరును పెట్టలేకపోయిరి. రేనాటి పల్లెలో గాయకుడు కడపటి చరణమును పాడి గొంతు సవరించుకొనునప్పుడు, పెద్దలు కన్నులు తుడుచుకొనుచుండగా, ఖజానా ముట్టడి ఘట్టము వేళకు నిదురపోయి ఇప్పుడే మేల్కొన్న పిల్లవాడొకడు దానిని మరల పాడుమని అడుగును. గాయకుడు మొదటినుండి అందుకొనును.